తొమ్మిదో కుండ

నమోదు 1

ఈ ఎర్ర నేల మీద ఎత్తునుంచి పడి చచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇక్కడ మన బరువు భూమ్మీది బరువులో సగం కూడా ఉండదు. పంటగది కప్పు మీంచి జారినవాడు కూడా లేచి, బట్టలు దులుపుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి వెళ్లిపోతాడు. అందుకే ఎవరికీ భయం లేదు. నడుముకు తాడు కట్టుకోమంటే నవ్వుతారు. ఇవాళ ఎవరూ నవ్వలేదు. బమ్మిడి దాలినాయుడు సరిగ్గా చిక్కుడు పందిరి చువ్వ మీద కూర్చున్నట్టు పడ్డాడు.

దాలినాయుడు మా మహేంద్ర సొరంగంలో దీపాల పనివాడు. వరిమళ్లకు ఎండనిచ్చే దీపాలు, వాటిపైన వైర్లు పోయే అటక, అదంతా అతని రాజ్యం. చువ్వ ఎడమ పిర్రలోంచి దూరింది. పెద్దపేగు చివరి భాగాన్ని చీల్చి, కటి వెనక పలక ఎముకను పగలగొట్టి, వెన్నుగొట్టంలోకి మొన పెట్టింది. పందిరి దగ్గర పనిచేసేవాళ్లు బుద్ధిమంతులు. చువ్వను లాగకుండా కింద కోసి, మనిషిని బోర్లా పడుకోబెట్టి మోసుకొచ్చారు. లాగి ఉంటే నెత్తురుపోయి దారిలోనే చచ్చేవాడు.

"దీపాలు ఆపీసిన ఏళ అటక మీద నీకేటి పనిరా?" అని అడిగాను, మత్తు ఇచ్చే ముందు.

"వైరు సూద్దామని, డాక్టరమ్మా," అన్నాడు. చొక్కా అంతా పులిసిన గంజి వాసన. పొద్దున తాగింది ఒలికిందనుకున్నాను.

నా పేరు మజ్జి నూకరత్నం. ఇక్కడ కత్తి పట్టే డాక్టర్ని నేనొక్కదాన్నే. వచ్చే ఓడలో ఇంకొకరు వస్తారట. వాళ్లకు పనికొస్తుందని ఈ కేసు మొదటినుంచీ రాసిపెడుతున్నాను. దాలినాయుడు బతుకుతాడు. అందులో నాకేం అనుమానం లేదు.

నమోదు 2

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. చువ్వ తీశాను, పేగు చిరుగు కుట్టాను. కింద గాయం మానేదాకా మలం అటు పోకూడదు కాబట్టి పై పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించాను. వెన్ను చుట్టూ ఉండే పొరలోంచి నీరు కారుతుంటే అతుకు వేశాను. మట్టీ నారపోగులూ ఒక్కొక్కటే ఏరి, కడిగి, మళ్లీ కడిగి, చర్మాన్ని మాత్రం కుట్టకుండా వదిలేశాను. ఇలాంటి గాయాన్ని అందంగా మూసేస్తే లోపల చీము దాక్కుంటుంది. కాళ్లు రెండూ కదులుతున్నాయి.

ఇక మిగిలింది పేగులోంచి ఎముకలోకీ వెన్నులోకీ ఎక్కిన, కంటికి కనపడని పురుగు. మందుబిళ్లలకు లొంగే పురుగులు మా అమ్మమ్మ కాలంలోనే అయిపోయాయి. ఇప్పుడు మేం వాటి మీదికి మేతగాళ్లను వదులుతాం. పురుగును తిని బతికేవి, పురుగుకన్నా చిన్నవి. వీటికి పట్టింపు ఎక్కువ. ఒక్కో రకం ఒక్కో పురుగునే ముడుతుంది, పక్కదాన్ని కన్నెత్తి చూడదు. కాబట్టి రోగి పేగులో ఏ పురుగుందో ముందు తెలియాలి.

మా దగ్గర ఆ సంగతి పుట్టిన రోజే తేలిపోతుంది. సొరంగంలో ఎనిమిది వరసల ఇళ్లు, వరసకొక తరవాణి కుండ. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా పెద్దలు మొదటి ఓడలో బట్టలు తగ్గించుకుని కుండలు తెచ్చుకున్నారు. పొద్దున్నే వరసలోని అందరూ గిన్నెలు పట్టుకుని ఆ కుండను పోషించే కుండపెద్ద గుమ్మం ముందు నిలబడతారు. ఆ పులిసిన అన్నం తిని, ఆ తేట తాగి పనికి పోతారు. పుట్టిన బిడ్డ నాలుకకు రాసేదీ ఆ చుక్కే. ఒకే కుండ తాగినవాళ్ల పేగుల్లో ఒకే పురుగు. వరస తెలిస్తే మందు తెలిసినట్టే. ఒక మనిషి రెండు కుండలు తాగకూడదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు తప్ప "నీది ఏ కుండ?" అని అడిగితే చెంప పగులుతుంది.

దాలినాయుడి భార్య తౌడమ్మ సోంపేట వరసకు కుండపెద్ద.

"పురుగును ఓసారి పళ్లెంలో పెంచి సూద్దామేటి?" అంది లోపింటి కస్తూరి. మేతగాళ్లను పెంచేది ఆవిడే. నాకు పాత స్నేహితురాలు, నన్ను తిట్టే హక్కున్న ఒకే ఒక్క మనిషి.

"కుండపెద్ద మొగుడే! ఆడి పేగులో ఏటుందో పెంచి సూడాలేటే? సోంపేట సీసా తియ్యి," అన్నాను.

ఆవిడ తీసింది. నేను ఎక్కించాను.

సాయంత్రం తౌడమ్మకు పొట్ట మీద సంచి మార్చడం నేర్పాను. ఒక్కసారి చెబితే పట్టేసింది. సంచి మూతిని మూడు చుట్లు చుట్టి, కొసను ఎడమవైపు లోపలికి దోపింది. కుండ మూతిగుడ్డకు కట్టే ముడి అది. ఇంకెవరూ విప్పి చెయ్యి పెట్టకుండా ఒక్కో కుండపెద్దకు ఒక్కో ముడి ఉంటుంది. ఇది తౌడమ్మ ముడి.

"ఆసుపత్రిలో కూడా నీ ముడేనా?" అన్నాను.

"నా మొగుడు, నా ముడి. మీకేటండి నొప్పి?" అంది. నాకు ఈ మనిషి నచ్చింది.

నమోదు 3

జ్వరం వచ్చింది. వస్తుంది, కంగారేం లేదు. మేతగాళ్లు పనిలో దిగేముందు ఇలా ఒకటి రెండుసార్లు ఒళ్లు కాలడం మామూలే. మోతాదు పెంచాను.

తౌడమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఎలగుందండి?"

"బాగుంది. మందు పడతాది. నువ్వెళ్లి నీ కుండ సూసుకో."

నిజానికి గాయంలో పెట్టిన గొట్టంలోంచి వస్తున్నది నాకు నచ్చలేదు. చిక్కగా ఉంది, వాసన వేస్తోంది. ఆ మాట ఆమెతో ఎందుకు చెప్పాలి? సగం తెలిసిన మాటకు మనిషి సగం చచ్చిపోతుంది.

నమోదు 4

కుడి పాదం పైకి ఎత్తలేకపోతున్నాడు.

నిన్న బొటనవేలు ఆడించి నవ్వినవాడు ఇవాళ దాన్నే చూస్తూ, అది వేరేవాడి కాలన్నట్టు ఊరుకున్నాడు. వెంటనే బల్ల ఎక్కించి గాయం మళ్లీ తెరిచాను. వెన్నుగొట్టం పక్కన చీము గడ్డ కట్టి నరాలను నొక్కుతోంది. అంతా తోడి, చచ్చిన ఎముక గీకి, కొత్త గొట్టం పెట్టాను. చేతులు వాటి పని అవి బాగానే చేశాయి. కానీ కత్తితో తోడేది ఇవాళ్టి చీమునే. పురుగు అక్కడే ఉంటే రేపు మళ్లీ పడుతుంది. రెండోసారికి కాళ్లు పోతాయి. అది వెన్నునీళ్లలో కలిసి మెదడు పొరలకు ఎక్కితే మనిషే పోతాడు.

ఈసారి కస్తూరి నన్ను అడగలేదు. చీము చుక్క తీసుకెళ్లి పళ్లేల్లో పెంచింది. పురుగు తెల్లగా పరుచుకున్న పళ్లెం మీద మేతగాళ్ల చుక్క వేస్తే, తిన్నంత మేర అద్దంలా తేటపడాలి. సోంపేట చుక్క వేసిన చోట ఏమీ కాలేదు.

పళ్లెం నా ముందు పెట్టి, "అమ్మా మహాతల్లీ, ఇది సోంపేట పురుగు కాదు. నువ్వు ఇన్నాళ్లూ ఆడికి నీళ్లు ఎక్కించినావు," అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. కోపం ఆవిడ మీద కాదు. మిగతా ఏడు వరసల సీసాలూ తీయించాను. ఏడు చుక్కలు వేశాం. ఏడు చోట్లా తెల్లగానే ఉండిపోయింది.

సొరంగంలో ఉన్నవి ఎనిమిది కుండలు. దాలినాయుడు తాగింది ఆ ఎనిమిదిలో లేదు.

నమోదు 5

తౌడమ్మను లోపలికి పిలిచి తలుపు వేశాను. మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు, అయినా ప్రయత్నించాను.

"తౌడమ్మా, మీ ఆయన బయటెక్కడైనా తాగుతాడేటి?"

"సారా తాగడండి."

"సారా కాదే. తరవాణి."

ఆమె ముఖం నల్లబడింది. లేచి నిలబడింది. "ఏటన్నారు? నా ఇంట్లో, నా కుండ దగ్గర, నా మొగుడు ఇంకో కుండ తాగుతాడా? పెద్దల సభలో పెట్టి నన్ను కుండపెద్దగా తీసియ్యాలనేటి మీ ఎత్తు? ఎవరు సెప్పమన్నారో సెప్పండి ముందు!"

"ఎవరూ సెప్పలేదు. మందు కోసం అడుగుతున్నాను."

"మందు బాగా పడతందని మీరే కదండి సెప్పినారు!"

తప్పుడు మందు ఎక్కించానని అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. ఆమె తలుపు విసిరి వెళ్లిపోయింది. ఇక్కడి తలుపులు గాలి పోకుండా మెల్లగా మూసుకునేవి. అలాంటి తలుపును విసరాలంటే మామూలు కోపం చాలదు.

నమోదు 6

ఎడమ పాదం కూడా బరువెక్కింది. ఇక మర్యాదలు పక్కన పెట్టి దాలినాయుడి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నీకు సోంపేట మందు ఎక్కించినాను. అది నీ పురుగుది కాదు. పరీక్ష సెయ్యకుండా ఎక్కించినాను, తప్పు నాది. ఇప్పుడు నువ్వు నిజం సెప్పకపోతే ముందు కాళ్లు పోతాయి, తరవాత నువ్వు పోతావు. ఏ కుండ తాగినావు?"

పక్కకు ఒత్తిగిలి పడుకున్నవాడు గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు. దిండులోకి కన్నీళ్లు జారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఇచ్చాపురం కుండ," అన్నాడు.

నా చిన్నప్పుడు తొమ్మిదో వరస ఉండేది. దాని పేరు ఇచ్చాపురం. నేను గురువు దగ్గర పని నేర్చుకుంటున్న రోజుల్లో కప్పు కూలి, సొరంగంలో ఆ భాగం మూసేశారు. బతికినవాళ్లను తలా ఒక వరసలో కలిపేశారు. ఎవరి పేగులో ఏముందో గందరగోళం కాకూడదని వాళ్ల కుండను అందరి ముందూ పగలగొట్టారు. పగలగొట్టమన్నది మా ఆసుపత్రే. ఆ నియమం కింద సంతకం నా గురువుది.

"పగలగొట్టే ముందే అమ్మ ఒక గరిటెడు సెంబులోకి తీసి నా సేతిలో పెట్టింది," అన్నాడు దాలినాయుడు. "ఎవరికీ సెప్పకురా అంది. ఆ తరవాత దగ్గొచ్చి పోయింది. నాను దీపాల పనిలోకి ఎల్లింది అందుకేనండి. అటక ఎచ్చగా ఉంటాది, ఎవరూ ఎక్కరు. రోజూ గుప్పెడు అన్నం ఏసీవోణ్ని, నాలుగు గుక్కలు తాగీవోణ్ని. అమ్మ ముకం నాకిప్పుడు గురుతు నేదు. ఆ పులుపే గురుతుంది."

గొంతు తడి చేసుకోవడానికి నీళ్లిచ్చాను. సోంపేట కుండ అందరితోపాటు తాగుతూనే ఉన్నాడు, ఎముకలోకి ఎక్కింది మాత్రం అటక మీది కుండ పురుగు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదురా అని అరవబోయాను, అరవలేదు.

"మా ఇంటిదానికి మాత్తరం సెప్పకండి. సోంపేట కుండపెద్ద మొగుడు దొంగకుండ దాసినాడంటే ఆ కుండ దాని సేతిలో ఉండనిస్తారేటి? దానికి ఆ కుండే పానం." మళ్లీ తనే, "అయినా ఇప్పుడు సెప్పీ ఉపయోగం నేదండి. నాను పడిన కాడినుంచి అన్నం ఏసినోళ్లు నేరు. ఈపాటికి బూజట్టి సచ్చిపోయుంటాది," అన్నాడు.

కస్తూరిని అడిగాను. "బతికున్న కుండయితే అందులో మేతగాళ్లు తప్పకుండా ఉంటాయి. ఇన్నేళ్లు ఒకే పురుగు పెరిగిన చోట అవి చేరకుండా ఉండవు. బూజు పట్టి ఎండిపోయిందంటే మాత్రం నన్నేటీ అడక్కు," అంది.

నమోదు 7

అటక నేనే ఎక్కాను. వేరే ఎవర్ని పంపినా గంటలో సభకు తెలిసిపోతుంది. నా మోకాళ్లు ఏ నేల మీదైనా మోకాళ్లే. నిచ్చెన మెట్టు మెట్టుకూ దాలినాయుణ్నీ, వాళ్ల అమ్మనీ, మా గురువునీ, నన్నూ వరసగా తిట్టుకుంటూ ఎక్కాను. నడుముకు తాడు కట్టుకున్నాను. కింద చిక్కుడు పందిరి కనిపిస్తుంటే నిజంగానే భయమేసింది.

వైర్ల కట్టల వెనక, దీపాల వేడి తగిలే మూల, కుండ ఒకటి. కుండ అంటే కుండ కాదు, దీపపు గిన్నెకు అడుగు మూసి చేసింది. మూతికి గుడ్డ. బూజు వాసన వస్తుందని ముందే ముక్కు మూసుకున్నాను. తర్వాత వదిలాను. పుల్లటి, కమ్మటి వాసన. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. గుడ్డ మీద తడి ఇంకా ఆరలేదు. లోపల అన్నం మెతుకులు పొద్దుటివి, విడివిడిగా తేలుతున్నాయి.

దాలినాయుడు మంచం దిగనే లేదు. మరి ఇవాళ అన్నం వేసిందెవరు?

గుడ్డ తిరిగి కడదామని తాడు పట్టుకున్నప్పుడు గానీ చూడలేదు. నేను తొందరలో పక్కకు లాగేసిన ముడి సగం అలాగే ఉంది. మూడు చుట్లు, కొస ఎడమవైపు లోపలికి.

అక్కడే, వైర్ల మధ్య, ఉన్నచోటే కూలబడ్డాను. ఇంత వయసొచ్చి, ఇన్ని కడుపులు కోసి, అటక మీద ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. మొగుడు ఆసుపత్రిలో పడి ఉంటే, రోజూ ఈ నిచ్చెన ఎక్కి, అతను లేచి వచ్చేసరికి అతని అమ్మ కుండ చావకూడదని అన్నం వేసి పోతోంది. నేను ఎత్తిన మాట ఆమెకు నిందగా వినిపించింది. ఆ కుండ కోసమే అబద్ధమాడింది. ఆ కుండలోనే మందుందని నేను చెప్పందే ఆమెకెలా తెలుస్తుంది?

చెంబెడు ముంచుకుని దిగాను.

నిచ్చెన కింద తౌడమ్మ నిలబడి ఉంది, కొంగు కింద అన్నం గిన్నెతో. నా చేతిలో చెంబు చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"పగలగొట్టీసినారా?"

"నేదే, పిచ్చిదానా. నీ మొగుడి కాళ్లు ఇందులో ఉన్నాయి." అంతా చెప్పాను, నా తప్పుతో సహా.

ఆమె గిన్నె కింద పెట్టి, రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతులు తీసి, "ఆ రోజు నన్ను అడిగినప్పుడే మీరు నిజం సెప్పుంటే నానే తెచ్చి ఇచ్చీదాన్ని కదండి," అంది.

"అవును."

"నాకు తెలుసని ఆడికి సెప్పకండి. సిన్నబుచ్చుకుంటాడు," అంది.

నమోదు 8

కస్తూరి ఆ తేటను వడగట్టి, దాలినాయుడి పురుగు మీద పోసి పెంచింది. పొద్దున్నే పళ్లెం ఎత్తి దీపానికి అడ్డంగా పట్టింది. మధ్యలో గుండ్రంగా, తేటగా ఖాళీ. దాంట్లోంచి ఆవిడ కన్ను నన్ను చూస్తోంది.

"తింటన్నాయే నూకీ, ఆబగా తింటన్నాయి!"

ఆ మేతగాళ్లను శుభ్రం చేసి గాయంలోకీ, నరంలోకీ, గొట్టంలోంచి వెన్ను పక్కకీ ఎక్కించాం. ఈసారి జ్వరం ఎగిరి, దిగి, మళ్లీ రాలేదు. గొట్టంలో చిక్కదనం పోయి, ఎర్రనీరై, తర్వాత పసుపునీరైంది. ఎడమ పాదంలో బలం మొదట తిరిగింది. కుడి బొటనవేలు చాలా రోజులు సతాయించింది. ఎముకకెక్కిన పురుగు ఒక్క పూటలో పోదు. వచ్చే డాక్టరు ఇది గుర్తుపెట్టుకోవాలి. జ్వరం తగ్గింది కదా అని మందు ఆపకూడదు. నేను వారాల తరబడి ఎక్కిస్తూనే ఉన్నాను. ఇవాళ పొద్దున ఆ వేలు ఆడింది. నేను నర్సుల ముందే ఈల వేశాను.

నమోదు 9

సభకు తెలిసింది. తెలియక ఏమవుతుంది, ఆ ఈల విన్నవాళ్లు తక్కువా? ఇద్దరు పెద్దలు వచ్చి, దొంగకుండ పగలగొట్టాలన్నారు, తౌడమ్మను తీసేయాలన్నారు, నియమం నియమమే అన్నారు.

"ఆ నియమం ఆసుపత్రిది. మా సుఖం కోసం మేం పెట్టుకున్నాం. ఇవాళ నేనే వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాను. "ఒక మనిషి ఒక కుండే తాగుతాడని నమ్మి నేను మనిషిని చంపబోయాను. ఇకనుంచి ఎవరు వచ్చినా ముందు పరీక్ష, తరవాతే మందు. ఆ కుండ ఆసుపత్రి అలమరలో ఉంటుంది. పగలగొట్టాలనుకున్నవాళ్లు ముందు వాళ్ల పేగు నాకు చూపించి, తరవాత రావాలి."

ఒకాయన వెంటనే వెళ్లిపోయాడు. రెండో ఆయన ఉండిపోయి, గొంతు తగ్గించి, "అమ్మా, మరి నాను టెక్కలి వరసలో మా అప్ప కాడ అప్పుడప్పుడూ రెండు గుక్కలు తాగుతానండి. రాసుకుంటారేటి?" అన్నాడు. సాయంత్రానికి గుమ్మం ముందు జనం. వియ్యపురాలి కుండ, పుట్టింటి కుండ, పక్కింటి కుండ. నలభై ఏళ్లుగా నేను వైద్యం చేస్తున్నది నాకు తెలియని ఊరికి. కస్తూరి నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది.

నమోదు 10

దాలినాయుడు ఇవాళ కర్ర పట్టుకుని గోడదాకా నడిచి వచ్చాడు. కుడి పాదం కొంచెం ఈడుస్తున్నాడు, అదీ సర్దుకుంటుంది. పొట్ట మీద సంచి ఇంకొన్నాళ్లకు తీసేస్తాను.

ఇవాళే అతన్ని నోటితో తరవాణి తాగనిచ్చాం. తౌడమ్మ అలమరలోంచి తనే ముంచి గిన్నె తెచ్చింది. కుండ సంగతి ఊరికంతా తెలిసింది గానీ, ఆమెకు ముందునుంచే తెలుసన్నది అతనికి తెలియదు; చెప్పనని ఆమెకు మాటిచ్చాను కాబట్టి నేను నోరు కట్టుకుని నిలబడ్డాను. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు.

అతను ఒక గుక్క తాగాడు. గిన్నెలోకే చూస్తూ, "ఉప్పు ఎక్కువైంది. నానింత ఎయ్యను," అన్నాడు.

"మరి నా సేతికి అంతే పడతాది. తాగు," అంది తౌడమ్మ.

అతను తలెత్తాడు. ఆ ఉప్పు ఇంతకుముందూ నాలుకకు తగిలిందన్నట్టు ఆమెను చూశాడు. "ఎప్పటి నుంచే?"

"పెళ్లయిన ఏడాది నుంచి. నీకు రెండు పూటలు పనిబడిన రోజున ఆ కుండకు అన్నం ఎవరేసినారనుకున్నావు? మీ అమ్మ వొచ్చి ఏసిందనుకున్నావా?"

దాలినాయుడు ఏడుస్తూనే నవ్వాడు. సగం తాగి గిన్నె ఆమెకిచ్చాడు. ఆమె నా వైపు చూసింది. కుండపెద్ద పరాయి కుండ తాగడం ఈ సొరంగంలో ఎవరూ చూడలేదు.

"నానేటీ సూడలేదు, ఏటీ రాయను," అన్నాను.

ఆమె ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకుంది. అలవాటున్నదానిలాగే తాగింది.

రాయనని మాటిచ్చాను, నిజమే. కానీ వచ్చే డాక్టరు గారూ, ఇది మీరు తెలుసుకోవాలి. సోంపేట కుండపెద్ద తౌడమ్మ పేగులో రెండు కుండలున్నాయి. ఆమెకు ఎప్పుడైనా గాయమైతే ముందు పరీక్ష చేయించండి. రెండు సీసాలూ దగ్గర పెట్టుకోండి.